బిందెడు వేన్నీళ్ల సూర్యుడు

పోయిన నెల హైదరాబాద్‌లో ఒక పుస్తకావిష్కరణకి వెళ్లాను. ఉత్తరాంధ్ర తీరంలో ఊళ్లు ఖాళీ అవడం మీద కథలు. పుస్తకం పేరూ రచయిత పేరూ ఇక్కడ అనవసరం, నా గొడవ వాటితో కాదు. వేదిక మీద మాట్లాడిన ఒకాయన, బాగా చదువుకున్న పెద్దమనిషి, కథల్ని మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ వచ్చి చివర్లో ఒక మాటన్నారు. అమెరికా వాళ్లు లేజర్లతో సూర్యుణ్ణి భూమ్మీదకి దించేశారట. పెట్టిన శక్తికంటే ఎక్కువ శక్తి తీసేశారట. క్షీరసాగరం చిలికితే అమృతం వచ్చినట్టేనట. ఇంకో పదేళ్లలో బొగ్గు అక్కర్లేదు, యురేనియం అక్కర్లేదు, కాబట్టి ఈ కొవ్వాడ కథల్ని మన పిల్లలు చరిత్ర పాఠాల్లా చదువుకుంటారు అని ముగించారు. చప్పట్లు. నేనూ కొట్టాను. పక్కవాళ్లు కొడుతుంటే చేతులు ఊరుకోవు కదా.

తర్వాత టీ దగ్గర ఇంకొకాయన, ఈ మొదటాయనకి సిద్ధాంతరీత్యా ఆగర్భశత్రువు, నా భుజం మీద చెయ్యేసి, "అదంతా బోగస్ అబ్బాయ్. బాంబులు చేసుకోడానికి వేసిన వేషం" అని రెండు ముక్కల్లో తేల్చేశారు.

ఇద్దరికీ అక్కడే జవాబు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇంటికొచ్చి రాత్రి రెండింటిదాకా నిద్రపట్టక, ఇదిగో, ఇది మొదలుపెట్టాను.

నేను భౌతికశాస్త్రవేత్తని కాను. ఇంజనీరింగ్ చదివి, పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తూ, శనాదివారాలు కథల పుస్తకాల మీద సమీక్షలు రాసుకునేవాణ్ణి. పుట్టిపెరిగింది శ్రీకూర్మంలో. మా తీరం వెంబడే నైరుతిగా వెళ్తే రణస్థలం మండలంలో కొవ్వాడ వస్తుంది. మా మేనత్తనిచ్చింది ఆ పక్కనే. కాబట్టి ఈ విషయంలో నేను తటస్థుణ్ణి కాదు, ముందే చెప్పేస్తున్నాను.

ముందు ఆ సూర్యుడి సంగతి. శక్తిని మెగాజౌళ్లలో చెబితే ఎవరికీ ఏమీ అనిపించదు, అందుకే మన కరెంటు బిల్లు మీదుండే యూనిట్లలోకి మారుద్దాం. ఒక యూనిట్ అంటే 3.6 మెగాజౌళ్లు. 2022 డిసెంబర్ 5న, అక్కడి టైము ప్రకారం అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకి, కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ లేబొరేటరీలో 192 లేజర్ కిరణాలు ఒక సెంటీమీటరు పొడవున్న బంగారు గొట్టంలోకి దూరాయి. ఆ గొట్టం మధ్యలో ఆవగింజంత వజ్రపు గుల్ల. గుల్లలో గడ్డకట్టిన డ్యుటీరియం, ట్రిటియం. కిరణాలు మోసుకెళ్లిన శక్తి 2.05 మెగాజౌళ్లు, అంటే అర యూనిట్ కంటే కాస్త ఎక్కువ. బయటికొచ్చింది 3.15 మెగాజౌళ్లు. అది 0.875 యూనిట్, పూర్తిగా ఒక్క యూనిట్ కూడా కాదు. ఆ వేడంతా ఒక్క చుక్క పోకుండా పట్టుకోగలిగితే, పుష్యమాసం పొద్దున మా ఇంటి వెనక ఒక బిందెడు స్నానానికి నీళ్లు కాచుకోవచ్చు. ఓ పది లీటర్లు.

మరి ఆ లేజర్లని సిద్ధం చెయ్యడానికి లాగిన కరెంటు? సుమారు 300 మెగాజౌళ్లు. 83 యూనిట్లు. రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్జు, ఒక టీవీ ఉన్న మా నాన్నగారింటికి నెల బిల్లులో వచ్చేది ఇంచుమించు అంతే. నెల కరెంటు పెట్టి బిందెడు వేన్నీళ్లు తీశారన్నమాట. అదీ వేడి రూపంలో. దాన్ని మళ్లీ కరెంటు చెయ్యాలంటే అందులో సగం కంటే ఎక్కువే దారిలో పోతుంది.

ఇదేమీ నేను తవ్వి తీసిన రహస్యం కాదు. డిసెంబర్ 13న ఆ ఫలితాన్ని ప్రకటించినప్పుడే ఆ 300 సంఖ్య కూడా బయటపెట్టారు. శాస్త్రవేత్తలు వాడిన మాట 'టార్గెట్ గెయిన్'. లేజర్ నుంచి టార్గెట్ మీద పడిన శక్తి ఎంత, టార్గెట్ నుంచి వచ్చిన శక్తి ఎంత, అంతవరకే ఆ లెక్క. గీత ఆ బంగారు గొట్టం చుట్టూ గీశారు, గీశామని చెప్పారు కూడా. ఆ వారం నేను చదివిన తెలుగు వార్తల్లో మాత్రం 'టార్గెట్' ఎక్కడో రాలిపోయింది. 'గెయిన్' లాభం అయిపోయింది. 'పెట్టినదానికంటే ఎక్కువ' అని హెడ్డింగు పడింది. ఎవరు పెట్టినది, ఎక్కడ పెట్టినది అన్న ప్రశ్నకి ఆ హెడ్డింగులో చోటు లేదు. అనువాదంలో ఒక విశేషణం జారిపోతే కవిత్వంలో అయితే మనం ఎంత గోల చేస్తాం! పది పేజీల వ్యాసాలు రాసుకుంటాం. ఇక్కడ ఒక విశేషణం జారి 83 యూనిట్లు మాయమయ్యాయి, ఎవరికీ పట్టలేదు.

(మా వృత్తిలో ఇది కొత్తేం కాదులెండి. ప్రాజెక్టు లాభాల్లో ఉందని చూపించాలంటే ఏ ఖర్చు ఎవరి పద్దులో రాయాలో తెలిస్తే చాలు. రాత్రి మూడింటికి లేచి సర్వర్లు బాగుచేసేవాడి నిద్ర ఏ పద్దులోనూ ఉండదు.)

ఇంతమాత్రం చదివి టీ దగ్గరి పెద్దాయన సంతోషపడితే ఆ సంతోషాన్ని కూడా కాస్త ఆపుకోవాలి. ఎందుకంటే ఆ బిందెడు వేన్నీళ్లు నిజంగా గొప్ప వేన్నీళ్లు.

'ఇగ్నిషన్' అన్నదాన్ని కొందరు 'జ్వలనం' అని రాస్తున్నారు. నాకు నచ్చదు. మా అమ్మమ్మ దగ్గర అంతకంటే మంచి మాటుంది: రాజుకోవడం. తుఫాను వానల్లో తడిసిన సరుగుడు కట్టెలు పొయ్యిలో పెట్టి, కాస్త కిరసనాయిలు చల్లి, గొట్టంతో ఊదుతూ కూర్చునేది. ఊదినంతసేపూ మండుతున్నట్టే ఉంటుంది. ఆపితే పొగ. ఎప్పుడో ఒక క్షణంలో ఒక కట్టె తన వేడితో తానే పక్క కట్టెని ఆరబెట్టి అంటిస్తుంది. అప్పుడు అమ్మమ్మ గొట్టం పక్కన పెట్టి, "రాజుకుంది, ఇక బియ్యం కడుగు" అనేది. అక్కడ జరిగిందీ అదే. డ్యుటీరియం, ట్రిటియం కేంద్రకాలు కలిసిపోతే ఒక హీలియం కేంద్రకం, ఒక న్యూట్రాన్ పుడతాయి. న్యూట్రాన్ బయటికి పారిపోతుంది. హీలియం అక్కడక్కడే గుద్దుకుంటూ తన వేడిని చుట్టుపక్కల ఇంధనానికి ఇస్తుంది, ఆ వేడికి ఇంకొన్ని కలుస్తాయి. లేజర్ తోసినంతవరకు జరిగేది ఊదుగొట్టం మంట. హీలియం వేడితో ఇంధనం తనంతట తాను మండడం మొదలైతే అది రాజుకున్నట్టు. సూర్యుడి నడిబొడ్డున ఉండేది కోటిన్నర డిగ్రీలు. ఇక్కడ పది కోట్లు దాటాలి. అదీ సెకనులో వంద కోట్లవ వంతు కూడా లేని సమయంలో, ఇంధనం చెదిరిపోయేలోగా. దాన్ని పట్టి ఉంచేది ఏ అయస్కాంతమూ కాదు, దాని సొంత జడత్వమే. పారిపోవడానికి కాస్త టైము పడుతుంది కదా, ఆ కాస్త టైములోనే పనైపోవాలి.

ఇది ఎంత కష్టమంటే, ఒక కొబ్బరికాయని అన్నివైపుల నుంచీ ఒకేసారి, ఒకేలా నొక్కి, గుండ్రం చెడకుండా పెసరగింజంత చెయ్యాలి. ఒకపక్క పిసరంత ఎక్కువ నొక్కితే ఇంకోపక్క చీరుకుపోతుంది. నీళ్ల మీద నూనె నిలుస్తుంది గానీ నూనె మీద నీళ్లు నిలవవు, వేళ్లు వేళ్లుగా కిందికి దిగిపోతాయి. రేలీ, టేలర్ అనే ఇద్దరి పేరు మీద చెప్పుకునే ఈ అస్థిరతే ఆ గుల్లని లోపలికి అదిమేటప్పుడు కూడా పుడుతుంది. గుల్ల మీద కంటికి కనబడని గుంట ఒకటుంటే చాలు. ఇంధనం ఎక్కించడానికి గుల్లకి పెట్టిన గొట్టం వెంట్రుక కంటే సన్నం, దాని వల్లే గుండ్రం చెడిపోయి ఎన్నో ప్రయోగాలు పాడయ్యాయి.

ఆ కష్టానికి యాభై ఏళ్ల చరిత్ర ఉంది. 1972లో జాన్ నకోల్స్, ఆయన సహచరులు నేచర్ పత్రికలో ఈ ఊహని బయటపెట్టినప్పుడు, పెట్టినదానికి సమానంగా తియ్యడానికి కిలోజౌల్ స్థాయి లేజర్ సరిపోవచ్చని లెక్కేశారు. చివరికి కావాల్సి వచ్చింది దానికి రెండువేల రెట్లు. 1977లో లివర్‌మోర్‌లో 20 కిరణాలతో ఒక లేజర్ కట్టి దానికి శివ అని పేరు పెట్టారు, చేతులు ఎక్కువున్నాయని. (దయచేసి ఈ వాక్యాన్ని ఇక్కడివరకే కోసి ఫార్వర్డ్ చెయ్యకండి.) శివ నేర్పింది ఏమిటంటే, పరారుణ కాంతితో ఈ పని కాదు అని. ఆ కాంతికి పుట్టే వేడి ఎలక్ట్రాన్లు ఇంధనాన్ని ముందే కాచేసి నొక్కుడుకి లొంగకుండా చేస్తున్నాయి. అందుకని తర్వాత 1984లో వచ్చిన నోవాలో కాంతిని అతినీలలోహితంలోకి మార్చారు. అదీ చాల్లేదు. 350 కోట్ల డాలర్లు పోసి 2009లో నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ పూర్తి చేశారు. పేరులోనే ఇగ్నిషన్ ఉంది. 2012కల్లా రాజేస్తామన్నారు. రాజుకోలేదు.

సాఫ్ట్‌వేర్‌వాడిగా నన్ను పట్టుకున్న ఘట్టం ఇదే. వాళ్ల దగ్గర ప్రపంచంలోకెల్లా పెద్ద కంప్యూటర్లున్నాయి, దశాబ్దాలుగా రాసుకుంటూ వచ్చిన సిమ్యులేషన్ కోడ్‌లున్నాయి. కోడ్‌లో రాజుకుంది. బంగారు గొట్టంలో రాజుకోలేదు. అప్పుడు వాళ్లు కోడ్‌ని వెనకేసుకు రాలేదు. గొట్టం ఆకారం మార్చారు, గుల్ల ప్లాస్టిక్ నుంచి వజ్రానికి మార్చారు, నొక్కే తీరు మార్చారు. తొమ్మిదేళ్లు. 2021 ఆగస్టు 8న ఉన్నట్టుండి 1.35 మెగాజౌళ్లు వచ్చాయి. మళ్లీ అదే చేద్దామంటే నెలల తరబడి రాలేదు, సగానికి సగం పడిపోయింది. ఒకసారి పాసై మళ్లీ మళ్లీ ఫెయిలయ్యే టెస్టుతో నెలలు గడపడం ఎంత నరకమో నాకు తెలుసు. మా దగ్గరైతే ఆ టెస్టుని తీసేసి రిలీజ్ చేసేస్తాం. వాళ్లు ఎందుకు ఫెయిలవుతోందో కనుక్కున్నారు. గుల్లలో లోపాలు లెక్కపెట్టారు, గుల్ల మందం పెంచారు, లేజర్ శక్తి పెంచారు. పదహారు నెలల తర్వాత ఆ డిసెంబర్ రాత్రి. దాన్ని బోగస్ అని కొట్టిపారేసేవాడు నిజాయితీగా ఓడిపోవడం ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడనివాడై ఉండాలి.

ఇక్కడ ఒక సొంత సిగ్గు చెప్పుకోవాలి. 2019లో ఆఫీసు పని మీద మూడు నెలలు బే ఏరియాలో ఉన్నాను. మా పెద్దనాన్న కొడుకు అక్కడే ఉంటాడు. ఒక ఆదివారం కారెక్కించుకుని లివర్‌మోర్ తీసుకెళ్లాడు. మన వాళ్లకి లివర్‌మోర్ అంటే శివా విష్ణు ఆలయం. దర్శనం చేసుకున్నాం, పులిహోర తిన్నాం, పార్కింగులో శ్రీకాకుళం వాళ్లు ఇద్దరు తగిలితే అరగంట ఊరి కబుర్లాడుకున్నాం. అదే ఊళ్లో, కొద్ది మైళ్ల అవతల, ఆ ప్రయోగశాల. అప్పటికే పదేళ్లుగా రాజుకోక, మనుషులు అందులో తల బాదుకుంటున్న రోజులవి. అన్నయ్య అక్కడ పదిహేనేళ్ల నుంచి ఉన్నాడు, అతనికీ తెలియదు, నాకూ తెలియదు. ఇక్కడ మాత్రం ఏమైనా మెరుగా? మా ఆఫీసు నుంచి గోపనపల్లి ఎంత దూరం? అక్కడి టీఐఎఫ్‌ఆర్ ప్రాంగణంలో అతి తీవ్రమైన లేజర్ కాంతి కింద పదార్థం ఏమవుతుందో చూసే ప్రయోగశాలలున్నాయి. పక్కనే సెంట్రల్ యూనివర్సిటీ. ఆ పక్కనే మన సాహిత్య సభలు. వాళ్ల గుమ్మం తొక్కి, మీరు చేసేదేంటండీ అని అడిగి, నాలుగు పేజీలు తెలుగులో రాసిన కథకుడో కవో నాకైతే ఇంతవరకు తగల్లేదు. సూర్యుడు మాత్రం ప్రతి పుస్తకంలోనూ ఉదయిస్తాడు.

సరే, రాజుకుంది. మరి వంట? 2025 ఏప్రిల్‌లో 8.6 మెగాజౌళ్లు తీశారు, పెట్టినదానికి నాలుగు రెట్లు (మళ్లీ టార్గెట్ లెక్కే). అంటే 2.4 యూనిట్లు. మూడేళ్లలో ఇది చిన్న ప్రగతి కాదు. కానీ కరెంటు కేంద్రం కావాలంటే లెక్క వేరు. నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ లేజర్లు 1990ల నాటి నమూనా, గోడ నుంచి తీసుకున్న కరెంటులో నూటికి ఒక వంతు కూడా కాంతిగా టార్గెట్‌కి చేరదు. ఇప్పటి డయోడ్లతో కట్టే లేజర్లు పది శాతం ఇవ్వగలవనుకుందాం. అలాంటి రెండు మెగాజౌళ్ల లేజర్‌ని సెకనుకి పదిసార్లు పేల్చాలంటే దానికే 200 మెగావాట్లు కావాలి. ఇప్పటి నాలుగు రెట్ల లాభంతో వచ్చే వేడి 80 మెగావాట్లు, అందులో కరెంటుగా మిగిలేది 30 చిల్లర. యాభై రెట్లు వస్తే అప్పుడు 400 మెగావాట్ల కరెంటు పుట్టి, లేజర్ తినగా సగం మిగులుతుంది. వంద రెట్లు వస్తే చెప్పుకోదగ్గ కేంద్రం. నాలుగు నుంచి యాభైకి, వందకి.

అంతకంటే నన్ను భయపెట్టేది ఆ 'సెకనుకి పదిసార్లు'. ఇప్పుడు రోజుకి ఒకటో రెండో పేలుస్తారు, అందులో నిజంగా రాజుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కేంద్రంలో రోజుకి 8,64,000 గుల్లలు కావాలి. ఒక్కొక్కటి వజ్రంలా నున్నగా, ఒక్క గుంట లేకుండా, గడ్డకట్టిన ఇంధనంతో, ఎగురుతూ వచ్చి కిరణాలు కలిసేచోట వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి. ఇప్పుడు నెలల తరబడి చేతితో చేసుకునే ఆ వస్తువు, అప్పుడు మా పలాస జీడిపప్పు బద్ద కంటే చవగ్గా దొరకాలి.

ట్రిటియం ఇంకో తలనొప్పి. దాని సగం జీవితకాలం 12.3 ఏళ్లు, కాబట్టి ప్రకృతిలో నిల్వ ఉండదు. లోకంలో ఇవాళ మామూలు అవసరాలకి దొరికేదంతా ప్రధానంగా భారజలం వాడే అణు రియాక్టర్లలో పుట్టినదే. భారజలం అంటే మన మణుగూరులో తయారయ్యేదే. సంలీనం ఇప్పటికి విచ్ఛిత్తి ఇంట్లో ఇల్లరికం అల్లుడు. సొంత కాపురం పెట్టాలంటే పారిపోతున్న న్యూట్రాన్లని లిథియం దుప్పటిలో పట్టి, అందులోనే కొత్త ట్రిటియం పుట్టించుకోవాలి. ఆ న్యూట్రాన్లు చుట్టూ ఉన్న ఉక్కుని దెబ్బతీస్తాయి, రేడియోధార్మికం చేస్తాయి. కరిగిపోయే గర్భం, వేల ఏళ్లు కాపలా కాయాల్సిన వాడేసిన ఇంధనం ఇందులో ఉండవు. అది నిజమైన మేలు, దాన్ని తక్కువ చెయ్యను. మార్వెల్ ఫ్యూజన్, ఫోకస్డ్ ఎనర్జీ లాంటి ప్రైవేటు కంపెనీలు వీటి వెనకాల పడ్డాయి, తేదీలు కూడా చెబుతున్నాయి. పెట్టుబడి అడిగేవాడు తేదీ చెప్పకుండా ఎలా ఉంటాడు? వాళ్ల తేదీలు వాళ్ల అవసరం. వాటిని తెచ్చి సాహిత్య సభలో పంచడం మన అవసరం ఎలా అయింది?

బాంబుల సంగతి. అమెరికా 1992 తర్వాత అణుపరీక్షలు ఆపేసింది. పరీక్షలు లేకుండా ఆయుధాల్ని కనిపెట్టుకుని ఉండడానికి కావాల్సిన భౌతికశాస్త్రం కోసమే ఈ లేజర్‌కి డబ్బొచ్చింది. డిసెంబర్ 13 వేదిక మీద ఆయుధాల విభాగం అధిపతి కూడా ఉన్నారు, వాళ్లేమీ దాచలేదు. కాబట్టి టీ దగ్గరి పెద్దాయన సగం కరెక్టు. మిగతా సగం సోమరితనం. ఎవరి డబ్బో తెలిసింది కాబట్టి ఫలితం చదవక్కర్లేదనుకోవడం. ఆ ఫలితం 2024లో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో అచ్చయింది, ఎవరైనా తప్పు పట్టొచ్చు. ఆయన ఉద్యమ గీతాల్ని షేర్ చేసే ఇంటర్నెట్ కూడా సైన్యం డబ్బుతోనే మొదలైంది.

ఇక అసలు గొడవ. కొవ్వాడ. అక్కడ పెడతామంటున్నది సంలీనం కాదు, మామూలు విచ్ఛిత్తి. వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఏపీ1000 రియాక్టర్లు ఆరు, ఒక్కోటి 1208 మెగావాట్లు. అంతకుముందు వేరే కంపెనీ నమూనా అన్నారు. తర్వాత గుజరాత్‌లోని మిఠీ విర్డీలో జనం ఒప్పుకోకపోతే అక్కడి వెస్టింగ్‌హౌస్‌ని 2016లో మా తీరానికి మళ్లించారు. 2017 మార్చిలో ఆ కంపెనీ దివాలా తీసింది. అదే నమూనాతో అమెరికాలోని సౌత్ కరోలినాలో కడుతున్న రెండు రియాక్టర్లని ఆ ఏడే మధ్యలో వదిలేశారు. జార్జియాలోని వోగ్‌టల్‌లో రెండు పూర్తయ్యేసరికి 2024 అయింది, ఖర్చు మూడువేల కోట్ల డాలర్లు దాటింది. ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎవరు భరించాలన్న దాని మీద 2010 చట్టం చుట్టూ ఏళ్లకేళ్లు పేచీ. కేంద్రంలో విద్యుత్ కార్యదర్శిగా పనిచేసిన ఈ.ఏ.ఎస్. శర్మగారు విశాఖ నుంచి ప్రభుత్వానికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఇంతవరకు కొవ్వాడలో ఒక్క యూనిట్ కరెంటు పుట్టలేదు. కానీ అక్కడి జనానికి పదిహేనేళ్లుగా బిల్లు పడుతూనే ఉంది.

ఆ బిల్లు ఎలా ఉంటుందో మా మేనత్త ఇంట్లో చూశాను. ఖాళీ చేయించే ఊళ్ల జాబితాలో వాళ్ల ఊరు లేదు, ఆ ఊళ్లకి ఆనుకుని ఉంది. సర్వే వాళ్లొచ్చినప్పుడల్లా ఒక పుకారు. పిల్లనిచ్చేవాళ్లు 'మీ ఊరు ఉంటుందా' అని అడుగుతారు. కొబ్బరి మొక్క నాటాలంటే ఆలోచిస్తారు, కాపుకొచ్చేసరికి ఎవరిదో. వేటకెళ్లే కుర్రాళ్లు ఎలాగూ గుజరాత్ పోతున్నారు. 2018లో అక్కడి సముద్రంలో పాకిస్తాన్‌కి చిక్కి 2020 జనవరి దాకా జైల్లో ఉన్నది మా జిల్లా, విజయనగరం జిల్లాల వాళ్లే. మీరంతా 'తండేల్' చూసే ఉంటారు. సొంత తీరం ఉన్నవాళ్లు అంతదూరం ఎందుకు వెళ్తున్నారో సినిమాలో కంటే కొవ్వాడ గట్టు మీద కూర్చుంటే బాగా తెలుస్తుంది.

మెగావాట్ల లెక్క వేసేటప్పుడు గీత కేంద్రం ప్రహరీ గోడ చుట్టూ గీస్తారు. గోడ బయట ఆగిపోయిన పెళ్లి, నాటని కొబ్బరి, వాయిదా పడిన స్లాబు ఆ గీతలోకి రావు. లివర్‌మోర్ వాళ్లు కనీసం గీత ఎక్కడుందో చూపించారు. మావాళ్లకి అది కూడా లేదు. 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో, థర్మల్ ప్లాంట్లు వద్దన్నందుకు పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. బొగ్గైనా, యురేనియమైనా, రేపు ఇంకేదైనా, గీత అదేచోట గీస్తే మాకు తేడా ఏముంది? సంలీన కేంద్రానికి మాత్రం నేల అక్కర్లేదా, చల్లార్చే నీళ్లు అక్కర్లేదా? సముద్రం ఎక్కడుంటే అక్కడికే వస్తారు.

అందుకే వేదిక మీది ఆయన మాట నాకు అంత గుచ్చుకుంది. 'పదేళ్లలో అన్నీ మారిపోతాయి' అన్న మాట శాస్త్రం మీద ప్రేమతో పుట్టింది కాదు. ఈ కథల్ని చదవకుండా పక్కన పెట్టడానికి ఒక మర్యాదైన సాకు. అదే నోటితో అమృతం అన్నారు. నేను శ్రీకూర్మం వాణ్ణి, ఆ చిలకడం కథ నాకు చిన్నప్పటి నుంచి ఎదురుగానే ఉంది. అందులో ముందు వచ్చింది హాలాహలం. కొండ మునిగిపోకుండా కింద వీపు ఆనించింది మా ఊరి దేవుడు. చెబితే కథ పూర్తిగా చెప్పాలి. (గుడిలో నక్షత్ర తాబేళ్లని పెంచుతారు, ఎప్పుడైనా వస్తే చూడండి.)

ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మేనత్త ఇంటికి కూడా వెళ్లాను. బావ నాకంటే నాలుగేళ్లు పెద్ద. అరుగు మీద కూర్చోబెట్టి ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. మంటల గోళం, వెనకాల శంఖనాదం.

"ఏరా, అమెరికావోలు సూరీడ్ని సేసీసినారంట. నిజవేనేటి?"

"నిజమే గానీ బావా, ఆ సూరీడు ఒక బిందెడు నీళ్లు కాస్తాడు."

"మరయితే మన కొవ్వాడది? ఉంటాదా, ఊడతాదా?"

అది వేరు, ఇది వేరు అని చెప్పాను. అది కలపడం, ఇది చీల్చడం అని చెప్పాను. ఆ వీడియో చూసి కొవ్వాడ ప్లాంటు ఆపేసేవాళ్లు ఎవరూ లేరని, ఆపినా కట్టినా ఆ సంగతి లివర్‌మోర్‌లో తేలదని చెప్పాను. బావ శ్రద్ధగానే విన్నాడు. ఇంటి పైకి చూశాడు. మేడ మీద గదికని ఎనిమిదేళ్ల కిందట వదిలిన ఊచలు తుప్పు పట్టి ఉన్నాయి.

"పదేళ్లంటావా?"

"పదేళ్లలో రాదు బావా. నాకు తెలిసినంతలో రాదు."

"నానడిగింది దాని గురించి కాదురా. ఈ గది ఏసుకుంటే పదేళ్లుండనిస్తారా అని."

దానికి నా దగ్గర జవాబు లేదు. బావ వీడియో ఆపేసి, ఇసుక ట్రాక్టరు ఎంత చెబుతున్నారో కనుక్కోవడానికి ఎవరికో ఫోన్ కలిపాడు.